ముద్రలన్నీ సరిగ్గానే ఉన్నాయి, 255 కిలోలు ఎక్కడ తగ్గాయి? గుంటూరు మిర్చి లాటు తూకంపై ఒక కేస్ స్టడీ

గుంటూరు మిర్చి యార్డులో ఏప్రిల్ నెలలో కొన్న ఎండుమిర్చి లాటు ఒకటి మూడు చోట్ల తూగి మూడు బరువులు చూపించింది. యార్డు కాటా చీటీ ప్రకారం 250 టిక్కీల (మిర్చి నింపిన గోనె బస్తాల) నికర బరువు 10,240 కిలోలు. అదే రోజు సాయంత్రం లారీని ఒక ప్రైవేటు వేబ్రిడ్జి మీద తూస్తే, ఖాళీ లారీ బరువు పోను 10,470 కిలోలు వచ్చింది. ఆనవాయితీ ప్రకారం గోనెకు కిలో చొప్పున 250 కిలోలు తీసేస్తే 10,220 మిగిలింది. సుమారు మూడు వారాల తరువాత, కారం పట్టడానికి టిక్కీలు విప్పుతూ యూనిట్‌లోని ప్లాట్‌ఫాం కాటా మీద ఒక్కొక్కటిగా తూస్తే మొత్తం 9,985 కిలోలే తేలింది. చీటీలోని బరువుకూ చేతికి వచ్చిన బరువుకూ తేడా 255 కిలోలు.

ఈ యూనిట్ గుంటూరు శివార్లలో ఉంది. కారం పట్టి, అర కిలో ప్యాకెట్లుగా కట్టి విజయవాడ హోల్‌సేల్ వ్యాపారులకు పంపుతుంది. ఈ తూకం తేడా ఎక్కడిదో తేల్చమని నన్ను పిలిచే సమయానికి యజమాని అనుమానం రెండు వైపులా తిరుగుతోంది. యార్డు కాటాలో మోసం ఉందన్నది ఒకటి, గోదాములో పనిచేసేవాళ్లు సరుకు తీస్తున్నారన్నది మరొకటి. లాటు అమ్మిన కమీషన్ వ్యాపారి వాదన బలంగానే కనిపించింది: సంబంధం లేని మూడో మనిషి వేబ్రిడ్జి తన చీటీకి 20 కిలోల తేడాతో సరిపోయింది కాబట్టి, తగ్గినదంతా యూనిట్ గేటు లోపలే తగ్గిందని ఆయన అన్నారు. మూడు కాటాలకూ తూనికలు కొలతల శాఖ ముద్రలు ఉన్నాయి. సీసపు సీళ్లు తెగలేదు. వాటి మీద సంవత్సరమూ, త్రైమాసికాన్ని తెలిపే అక్షరమూ స్పష్టంగా ఉన్నాయి. అంటే పత్రాల ప్రకారం తప్పు ఎవరిదీ కాదు.

ముద్ర దేనికి హామీ ఇస్తుంది

కాటా మీద పడే ముద్ర వెనుక పెద్ద గొలుసే ఉంది. తూనికలు, కొలతల ప్రమాణాలను నిర్ణయించే అధికారం రాజ్యాంగం ప్రకారం కేంద్రానిది. అమలు విషయం 1976 నాటి 42వ సవరణతో రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మారింది. 2011 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న లీగల్ మెట్రాలజీ చట్టం, 2009 ఈ రెండింటినీ ఒకే చట్టం కిందికి తెచ్చింది. కిలోగ్రాముకు జాతీయ ప్రమాణం ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంటుంది. 2019 మే 20 నుంచి కిలోగ్రాము నిర్వచనం ఏ లోహపు ముద్ద మీదా కాక ప్లాంక్ స్థిరాంకం మీద ఆధారపడుతున్నా, ఆ మార్పు వల్ల గుంటూరులో ఏ కాటా చదివే అంకే మారలేదు. జాతీయ ప్రమాణంతో ప్రాంతీయ ప్రయోగశాలల రిఫరెన్స్ ప్రమాణాలను సరిపోలుస్తారు. దక్షిణాదిలో ఆ పని బెంగళూరు ప్రయోగశాలది. అక్కడి నుంచి రాష్ట్రాల ద్వితీయ ప్రమాణాలు, వాటి నుంచి ఇన్‌స్పెక్టర్ జీపులో తిరిగే పని ప్రమాణపు రాళ్లు. ద్వితీయ ప్రమాణాలను రెండేళ్లకోసారి, పని ప్రమాణాలను ఏడాదికోసారి పై మెట్టుతో పోల్చి చూడాలి. ఎలక్ట్రానిక్ కాటాను ఏటా, దుకాణాల్లోని తూకపు రాళ్లను రెండేళ్లకోసారి పునఃపరిశీలన చేయించుకోవాలి. చట్టంలోని 24వ సెక్షన్ ఈ పరిశీలనను తప్పనిసరి చేస్తుంది. ముద్ర లేని కాటా వాడితే 33వ సెక్షన్ కింద జరిమానా పడుతుంది.

నా అనుభవంలో ఈ గొలుసు చాలా వరకు నమ్మదగినదే. చిన్న వ్యాపారులు అనుకునేంత లోపభూయిష్టంగా అది లేదు. అయితే ముద్ర చెప్పేది పరిమితమైన సంగతి: ఫలానా రోజున, ఫలానా చోట, ప్రమాణపు రాళ్లు పెట్టినప్పుడు ఈ పరికరం అనుమతించిన లోపం దాటలేదు. గోనె బరువు ఎంత తీసేశారు, సరుకులో నీరు ఎంత ఉంది, కొన్ననాటికీ విప్పిననాటికీ మధ్య ఏం జరిగింది అన్నవి ముద్ర పరిధిలోకి రావు. మిర్చి వ్యాపారంలో డబ్బు పోయేది ఎక్కువగా ఈ ముద్ర పరిధి బయటే.

కాటాల పరీక్ష

మొదట మూడు పరికరాలనూ చూశాము. యార్డు కాటా, యూనిట్ కాటా రెండూ మూడో తరగతి ఖచ్చితత్వానివి. రెండింటికీ కనీస పరిశీలనా విభాగం, అంటే లోపాన్ని లెక్కకట్టే మెట్టు, 20 గ్రాములు. ఈ తరగతి కాటాకు ముద్ర వేసేటప్పుడు అనుమతించే లోపం మొదటి 500 విభాగాల వరకు అర విభాగం, 2,000 వరకు ఒక విభాగం, ఆపైన ఒకటిన్నర విభాగం. వాడుకలో ఉండగా తనిఖీ చేస్తే దానికి రెట్టింపు వరకు సహిస్తారు. టిక్కీ బరువుకు దగ్గరగా ఉంటుందని 40 కిలోల వద్ద పరీక్షించాము. అది సరిగ్గా 2,000 విభాగాలు. ముద్ర సమయంలో పరిమితి 20 గ్రాములు, వాడుకలో 40 గ్రాములు.

డిస్‌ప్లే 20 గ్రాముల అడుగులతో మారుతుంది కాబట్టి కనిపించే అంకెను నమ్మితే అసలు లోపం తెలియదు. అందుకే 2 గ్రాముల చిన్న రాళ్లను ఒక్కొక్కటిగా చేర్చుతూ, అంకె తరువాతి విభాగానికి దూకే చోటు పట్టుకుని లెక్క కట్టాము. వ్యాపారి ఒప్పుకుని పరీక్షకు ఇచ్చిన యార్డు కాటా 40 కిలోలకు 16 గ్రాములు ఎక్కువ చూపిస్తోంది. అది పరిమితి లోపలే. 250 సార్లు తూస్తే మొత్తం మీద 4 కిలోలు.

యూనిట్ కాటా 29 గ్రాములు తక్కువ చూపించింది. ముద్ర వేసే పరీక్షలో పెడితే ఈ కాటా తప్పుతుంది. వాడుకలో తనిఖీ చేస్తే నెగ్గుతుంది. మూలలూ మధ్యా మార్చి రాళ్లు పెట్టినా లోపం అంతే ఉంది, బరువు పెంచిన కొద్దీ సమపాళ్లలో పెరుగుతోంది. లోడ్ సెల్ (కాటా లోపల బరువును పసిగట్టే భాగం) పాడైతే లోపం ఇంత క్రమంగా ఉండదు. కాటా పత్రాలు చూస్తే సంగతి తేలింది. దాన్ని ఢిల్లీ ప్రాంతంలో తయారు చేసి, అక్కడే సర్దుబాటు చేసి, అక్కడే ముద్ర వేయించి పంపారు.

ఎలక్ట్రానిక్ కాటాలోని లోడ్ సెల్ కొలిచేది ద్రవ్యరాశిని కాదు, తన మీద పడే బలాన్ని. భూమ్యాకర్షణ అన్ని చోట్లా ఒకటి కాదు. ఢిల్లీలో గురుత్వ త్వరణం సుమారు 9.791 మీ/సె², గుంటూరు అక్షాంశం దగ్గర సుమారు 9.784 మీ/సె². తేడా పది వేలలో ఏడు పాళ్లు. ఢిల్లీలో సరిచేసిన కాటాను ఇక్కడ మళ్లీ సరిచేయకుండా వాడితే పది కిలోలకు ఏడు గ్రాముల చొప్పున తక్కువ చూపిస్తుంది. 40 కిలోలకు అది సుమారు 29 గ్రాములు. మన రాళ్ల పరీక్షలో వచ్చిన అంకె అదే. పాతకాలపు రెండు పళ్లేల త్రాసుకు ఈ బాధ లేదు, ఎందుకంటే రాయి మీదా సరుకు మీదా ఆకర్షణ ఒకే పాళ్లలో తగ్గుతుంది. మంచి తయారీదారులు కాటా వెళ్లే ప్రాంతాన్ని బట్టి గురుత్వ విలువను ముందే సరిచేస్తారు, లేదా వాడే చోట సరిచేయిస్తారు. ఇక్కడ ఆ రెండూ జరగలేదు. పెట్టిన చోటు నుంచి విప్పి మరోచోట బిగించిన కాటాకు గడువు మిగిలి ఉన్నా తిరిగి పరిశీలన చేయించాలని నిబంధన చెబుతుంది గాని, ఫ్యాక్టరీలో ముద్ర పడి పెట్టెలో వచ్చిన చిన్న ప్లాట్‌ఫాం కాటా విషయంలో కొనేవారు ఆ సంగతే తలపెట్టరు. మొత్తం లాటు మీద దీని వల్ల తగ్గినట్టు కనిపించింది 7 కిలోలు మాత్రమే. డబ్బు పరంగా చిన్నదే, కానీ అదే కాటాతో రైతు దగ్గర నేరుగా సరుకు కొంటే ప్రతి సంచిలోనూ రైతుకు నష్టం.

వేబ్రిడ్జి సంగతి వేరు. దాని విభాగం 10 కిలోలు. లారీ నిండు బరువు, ఖాళీ బరువు రెండూ 500 నుంచి 2,000 విభాగాల మధ్యకే వస్తాయి కాబట్టి వాడుకలో ఒక్కొక్క తూకానికి 20 కిలోల వరకు అటూ ఇటూ చట్టం సహిస్తుంది. రెండు తూకాల తేడాయే సరుకు బరువు. అంటే ఏ చట్టాన్నీ అతిక్రమించకుండానే నికర బరువు 40 కిలోల దాకా తప్పవచ్చు. డ్రైవరు దిగాడా లేదా, మధ్యలో డీజిల్ పోయించాడా అన్నవి దీనికి అదనం. పది టన్నుల మిర్చి తూకాన్ని నిర్ధారించడానికి వేబ్రిడ్జి చీటీని సాక్ష్యంగా తెచ్చేవారు ఈ లెక్క ఒకసారి వేసి చూడటం మంచిది.

గోనె సంచి

కమీషన్ వ్యాపారి వాదనకు ప్రాణం వేబ్రిడ్జి చీటీ. రెండు స్వతంత్ర తూకాలు కలిశాయన్నది ఆ వాదన సారం. అవి కలిసిన మాట నిజం, స్వతంత్రమైనవన్న మాట నిజం కాదు. రెండింటిలోనూ గోనెకు కిలో చొప్పునే తీసేశారు. యూనిట్‌లో విప్పిన గోనెలను తూసి చూస్తే సగటున 1.15 కిలోలు వచ్చింది. పాత గోనెలు, అతుకులు వేసినవి, అడుగున మట్టి పట్టినవి కొన్ని అంతకంటే బరువు. సంచికి 150 గ్రాములంటే ఎవరూ లెక్కచేయరు. 250 సంచులకు అది సుమారు 38 కిలోలు. యార్డు చీటీలోనూ, వేబ్రిడ్జి లెక్కలోనూ అదే 38 కిలోలు మిర్చిగా నమోదయ్యాయి. యూనిట్‌లో మాత్రం ఖాళీ గోనెను విడిగా తూసి తీసేస్తారు కాబట్టి అక్కడ బయటపడింది.

యార్డులో గోనెకూ, మచ్చుకూ, తాలుకాయకూ తీసే తరుగుల మీద రైతులకు ఉన్న ఫిర్యాదులు పాతవే. ఈ కేసులో గోనె లెక్క కొనుగోలుదారుకు వ్యతిరేకంగా పనిచేసింది. తేలిక గోనెల సీజన్‌లో అదే కిలో లెక్క రైతుకు వ్యతిరేకంగా పనిచేస్తుంది. చట్టం నికర బరువునే అడుగుతుంది. ఆనవాయితీ అంకెను అందులో నుంచి తీసేయడం ఎవరికి లాభించినా అది కొలత అనిపించుకోదు.

తేమ

మిగిలినదాంట్లో సింహభాగం నీరు. రంగు పోల్చుకోవడానికి యజమాని కొన్న రోజునే ప్రతి లాటు నుంచి మచ్చు తీసి, గాలి చొరకుండా సీలు చేసి పెట్టే అలవాటు ఉన్నవారు. ఆ అలవాటే ఈ కేసును నిలబెట్టింది. ఆ మచ్చునూ, టిక్కీలు విప్పిన నాటి మచ్చునూ కలిపి ప్రయోగశాలకు పంపాము. మసాలా దినుసుల పరీక్షలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 1797 ఉంది. తేమ కోసం సరుకును టోలీన్ అనే ద్రావకంతో మరిగించి, బయటికి వచ్చిన నీటిని గాజు గొట్టంలో నేరుగా కొలిచే పద్ధతి అందులోనిది. మిర్చిని ఓవెన్‌లో ఎండబెడితే నీటితో పాటు ఆవిరయ్యే ఇతర పదార్థాలు కూడా పోయి తేమ శాతం ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఈ పద్ధతినే అడిగాము. కొన్ననాటి తేమ 12.4 శాతం, విప్పిననాటిది 10.7 శాతం.

గోనె, యార్డు కాటా సవరణలు పోగా కొన్ననాటి అసలు బరువు 10,198 కిలోలు. అందులో పొడి పదార్థం 87.6 శాతం. ఆ పొడి పదార్థం మారలేదు, 10.7 శాతం తేమ దగ్గర అదే పదార్థం మొత్తం బరువులో 89.3 శాతం అవుతుంది. లెక్కిస్తే 10,004 కిలోలు. మే నెల వడగాలిలో గోదాములో పడి ఉన్న మూడు వారాల్లో 194 కిలోల నీరు ఎగిరిపోయింది. తేమ శాతంలో తేడా 1.7 అయితే బరువులో తరుగు 1.9 శాతం దాకా వచ్చింది. శాతాలను నేరుగా తీసివేసి లెక్క కట్టేవారు ఇక్కడే తడబడతారు.

ఇప్పుడు మొత్తం చూద్దాం. గోనె 38, యార్డు కాటా 4, యూనిట్ కాటా 7, తేమ 194. మొత్తం 243. లెక్కకు అందనిది 12 కిలోలు. ఈ లాటులో తేమ కొలతలో 0.1 శాతం తేడా వచ్చినా అది 11 కిలోలకు పైగానే అవుతుంది. గింజలు, దుమ్ము, నేల మీద రాలినవి అదనం. కనుక ఈ 12 కిలోలను చూపించి గోదాము మనుషుల మీద దొంగతనం మోపడానికి ఆధారం లేదని నివేదికలో స్పష్టంగా రాశాను. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం అదే, ఎందుకంటే ఇద్దరు కూలీలను అప్పటికే పనిలోకి రావద్దని చెప్పేశారు.

ఇక నియంత్రణ వ్యవస్థలో ఈ నీటికి ఉన్న చోటు చూస్తే వింతగా ఉంటుంది. ఆహార భద్రత నిబంధనలు ఎండుమిర్చికీ కారానికీ తేమ 11 శాతం మించరాదంటాయి. కానీ ఆహార భద్రత చట్టం రైతుకూ పంటకూ వర్తించదు. రైతు 12.4 శాతం తేమతో యార్డుకు తెస్తే అది నేరం కాదు. అదే తేమతో కారం పట్టి అమ్మితే యూనిట్ యజమానిది నేరం. అంటే చట్టప్రకారం తీసేయక తప్పని నీటిని ఆయన మిర్చి ధరకు కొంటున్నారు. యార్డులో ధర నిర్ణయించేటప్పుడు తేమను చూడరని కాదు. చేతిలో కాయ విరిచి, గలగల శబ్దం విని, అనుభవం మీద చూస్తారు. గుప్పిట్లో పట్టే మీటర్లు కొందరి దగ్గర ఉన్నాయి గాని, లోపల బోలుగా ఉండి గింజలు కదిలే మిర్చి మీద అవి ఎంత నొక్కితే అంత అంకె చూపిస్తాయి. కాటాకు ఏటా ముద్ర వేసే దేశంలో, అదే లావాదేవీలో అంతకంటే పెద్ద మొత్తాన్ని తేల్చే తేమ మీటరుకు యార్డు స్థాయిలో అలాంటి ముద్ర లేదు. 2025లో సవరించిన ప్రభుత్వ ఆమోదిత పరీక్షా కేంద్రాల నిబంధనల్లో తేమ మీటర్లను కూడా పరీక్షించదగిన పరికరాల జాబితాలో చేర్చారు. దిశ సరైనదే. అయితే ధాన్యానికి పనికొచ్చే మీటరు మిర్చికి పనికొస్తుందని అనుకోకూడదు. సరుకు వారీగా ప్రయోగశాల ఫలితాలతో సరిపోల్చకుండా వేసిన ముద్ర తప్పుడు ధైర్యాన్నే ఇస్తుంది.

ప్యాకెట్ల దగ్గర ఆపవలసి వచ్చిన ఆలోచన

విచారణ మధ్యలో ఇంకో సంగతి కనబడింది. తరుగును కొంతైనా పూడ్చుకోవాలని ప్యాకింగ్ యంత్రాన్ని 500 గ్రాముల ప్యాకెట్‌కు 495 గ్రాముల వద్ద సర్దారు. ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు, 2011 ప్రకారం 300 నుంచి 500 గ్రాముల ప్యాకెట్లకు అనుమతించే లోపం 3 శాతం, అంటే 15 గ్రాములు. మేము 5 గ్రాములే తగ్గించామని మేనేజరు వాదన. ఈ అపోహ చాలా యూనిట్లలో ఉంది. ఆ 15 గ్రాములు విడి ప్యాకెట్‌లో యాదృచ్ఛికంగా వచ్చే హెచ్చుతగ్గులకు ఇచ్చిన వెసులుబాటు. దానికంటే ముందు తృప్తిపరచవలసిన షరతు, నమూనాగా తీసిన ప్యాకెట్ల సగటు ప్రకటించిన పరిమాణానికి తగ్గకూడదన్నది. సగటునే 495 దగ్గర పెడితే ఒక్క ప్యాకెట్టూ 485కు దిగకపోయినా బ్యాచ్ మొత్తం తప్పుతుంది. నికర పరిమాణంలో తప్పుకు 36వ సెక్షన్ కింద మొదటి తప్పుకే జరిమానా 50,000 రూపాయల వరకు ఉండవచ్చు. అదే రోజు యంత్రాన్ని 501 గ్రాములకు మార్పించాను.

పట్టిన కారంలో కాస్త నీరు చిలకరించి బరువు తిరిగి తెచ్చుకోవడం గురించి కూడా ఎవరో సలహా ఇచ్చారట. 10.7 నుంచి 11కు మధ్య ఉన్న ఆ కాస్త వెసులుబాటుతో ఆటలాడితే బూజు వస్తుంది, దాని నుంచి అఫ్లటాక్సిన్ అనే విషం వస్తుంది, అప్పుడు సమస్య తూనికల శాఖతో కాకుండా ఆహార భద్రత అధికారితో మొదలవుతుంది. దాని మీద ఎక్కువ చర్చ అవసరం లేకపోయింది.

ఏం తేలింది

లైసెన్సు ఉన్న రిపేరర్ చేత యూనిట్ కాటాను ఇక్కడి గురుత్వానికి సరిచేయించి, సీలు తెగింది కాబట్టి ఇన్‌స్పెక్టర్ దగ్గర కొత్త ముద్ర వేయించారు. గోనె తేడా 38 కిలోల విలువను కమీషన్ వ్యాపారి తరువాతి బిల్లులో తగ్గించారు. ఇకపై ప్రతి లాటులోనూ కొన్ని ఖాళీ గోనెలను ఇద్దరి సమక్షంలో తూసి, సగటునే తీసేయాలని రాసుకున్నారు. కాటా లోపాల 11 కిలోలు ఎవరూ అడగలేదు. పనిలోంచి తీసేసిన ఇద్దరినీ తిరిగి పిలిచారు. ఒకరు వచ్చారు, మరొకరు అప్పటికే వేరే కోల్డ్ స్టోరేజీలో చేరిపోయారు.

194 కిలోల నీటికి నష్టపరిహారం రాలేదు, అడగడానికి ఒప్పందంలో ఆధారమూ లేదు. నేను సూచించిన షరతు ఇది: కొన్ననాడే మచ్చు తీసి ఇద్దరి సంతకాలతో సీలు చేయాలి, టోలీన్ పద్ధతిలో తేమ చూపించాలి, 11 శాతం దాటిన మేరకు బిల్లు బరువును పొడి పదార్థం లెక్కన సవరించాలి, 11 కంటే తక్కువ వస్తే అదే లెక్కన అమ్మినవారికి ఎక్కువ చెల్లించాలి. చివరి వాక్యం లేకుండా ఈ షరతు న్యాయంగా ఉండదని యజమానితో కొంత గట్టిగానే చెప్పవలసి వచ్చింది. ఈ లాటు అమ్మిన కమీషన్ వ్యాపారి ఒప్పుకోలేదు. రైతుకు అదే రోజు డబ్బు ఇవ్వాలి, ప్రయోగశాల ఫలితం కోసం ఆగలేనన్నారు, ఆ మాటలోనూ న్యాయం ఉంది. యూనిట్‌కు నేరుగా సరుకు ఇచ్చే రెండు రైతు బృందాలు మాత్రం బిల్లులో తొంభై శాతం ముందే చెల్లించి మిగిలినది ఫలితం వచ్చాక సర్దుబాటు చేసే పద్ధతిలో ఒప్పుకున్నాయి, వచ్చే సీజన్ కొనుగోళ్లు వాటితో ఆ లెక్కనే మొదలవుతాయి.